పిల్చినోళ్ళే ముందరికి రావల్ల

కిందటి ఏడు అనంతపురంలో నాకు సన్మానం చేశారు. శాలువా కప్పి, టీవీలో జనాన్ని నవ్వించిన మొదటి సీమ ఆడపడుచు అని మైకులో నాలుగుసార్లు చెప్పారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత, ఇప్పుడు కామెడీ షోలలో పైకి వస్తున్న ఒక అమ్మాయి స్టేజీ మీదికి వచ్చింది. నా మీద అభిమానంతో, నేను ఒకప్పుడు వేసిన తిప్పక్క వేషం వేసి చూపించింది. వెనక నుంచి ఎవరో పిలుస్తారు. తిప్పక్క మెడ తిప్పదు. కాళ్ళు కొంచెం కొంచెం జరుపుకుంటూ మనిషి మొత్తం చుట్టూ తిరిగి, పిలిచినవాణ్ణి కింది నుంచి పైదాకా చూస్తుంది. హాలంతా గొల్లుమంది. నేను శాలువా కుర్చీలో పెట్టి, స్టేజీ దిగి, ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను.

మరుసటి రోజు నుంచి ఒకటే మాట. ఈమెకు ఇంత పొగరేమిటి, వయసు మీద పడినా తగ్గలేదే అని. పొగరు అన్న మాట విని ఉలిక్కిపడ్డాను. ఎందుకో ఇది చదివితే మీకే తెలుస్తుంది.

ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "నేనేం తప్పు చేశాను మేడమ్?" అని ఏడ్చింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. తప్పు నాది, అదీ పాతది. అది ఫోన్లో చెప్పి తీరేది కాదు. అందుకే రాస్తున్నాను. ఆమె కోసం, ఆమెలాగా ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం. ఏ చానల్లో ఎన్నేళ్ళు చేశాను, ఏ అవార్డు ఎవరి చేతుల మీదుగా తీసుకున్నాను అన్నవి ఇందులో ఉండవు. అవి కావాలంటే ఆ సన్మానపత్రంలో ఉన్నాయి, సగం తప్పులతో.

గోడౌను మీద గది

మాది మడకశిర వైపు ఒక చిన్న ఊరు. వానను నమ్ముకున్న సేద్యం. నాయన ప్రతి ఏడూ వేరుశనగ వేసేవాడు, వాన మాత్రం ప్రతి ఏడూ వచ్చేది కాదు. అయినా మాకు నలుగురిని కూలికి పిలిచేంత భూమి ఉండేది. నన్ను అనంతపురంలో హాస్టల్లో ఉంచి డిగ్రీ చదివించారు. చదువు అయ్యాక ఇంటికి పోతే పెళ్ళి చేస్తారని భయపడి, ఒక వీడియో స్టూడియోలో పనికి కుదిరాను. పెళ్ళి క్యాసెట్ల మీద పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు అందంగా రాయడం నా పని.

ఆ స్టూడియో ఖాదర్ అన్నది. తొంభైల చివర్లో ఊరూరా కేబుల్ టీవీ వచ్చిన రోజులవి. టౌన్లో కేబుల్ నడిపేవాళ్ళు రెండు సినిమాల మధ్య అరగంట ఖాళీని ఖాదర్ అన్నకు ఇచ్చారు. ఆయన వారానికో హాస్య నాటిక తీసేవాడు. వేరుశనగ గోడౌను మీద ఒక గది, రెండు లైట్లు, ఒక కెమెరా. కింద హమాలీలు మూట దించితే పైన కెమెరా ఊగేది. ఇప్పటి పిల్లలు ఏసీ ఫ్లోర్‌లో వెలుతురు సరిపోలేదని అలుగుతుంటే నాకు ఆ గది గుర్తుకొచ్చి నవ్వొస్తుంది.

అప్పట్లో ఆ నాటికల్లో ఆడవేషాలు కూడా మగవాళ్ళే వేసేవారు. మీసం ఉన్న మగాడు చీర కట్టుకుని వస్తే చాలు, జనం నవ్వుతారని లెక్క. ఒక రోజు ఆ చీర కట్టేవాడికి కామెర్లు వచ్చాయి. ఖాదర్ అన్న గదంతా చూసి, క్యాసెట్ల దగ్గర కూర్చున్న నన్ను చూశాడు.

"ఏమ్మా సరోజా, కొంచెం లేసి ఈడ నిలబడు. మాటలు నేను చెప్తా."

"నాకు నటించేది రాదన్నా."

"రాకుంటేనే బాగుంటాది. వచ్చినోళ్ళతోనే సచ్చిపోతాండా."

అలా నిలబడ్డాను. ఆదివారం అది కేబుల్లో వచ్చింది. బస్టాండు దగ్గర ఒక టీకొట్టు ముందు జనం గుమిగూడి చూస్తుంటే నేను వెనక చేరి చూశాను. నా ముఖం అంత పెద్దగా పెట్టెలో కనిపించేసరికి నోరెళ్ళబెట్టాను. అంతలో వాళ్ళు నవ్వారు. చీర కట్టిన మగాణ్ణి చూసి నవ్వే నవ్వు కాదు. నేను అన్న మాటకు నవ్వారు. ఒళ్ళు జల్లుమంది. ఆ రోజే నేను ఈ పనికి అమ్ముడుపోయాను.

ఊళ్ళో మాత్రం పెద్ద గొడవ అయింది. నాయన బస్సెక్కి వచ్చి గోడౌను కింద నిలబడి కేకలేశాడు. "నలుగురు నగేదానికి నిన్ను చదివించిండేది?" అన్నాడు. ఖాదర్ అన్న ఆయనకు టీ ఇచ్చి, క్యాసెట్ పెట్టి చూపించాడు. నాయన మూతి బిగించుకుని చూశాడు. మధ్యలో ఒకచోట ఆయన మూతి ఆగలేదు, నవ్వేశాడు. తర్వాత టీ తాగేసి బస్సుకు వెళ్ళిపోయాడు. నాయన నవ్వు నాకు సర్టిఫికెట్‌గా అనిపించింది. ఆ నవ్వే ఒకరోజు నన్ను కొయ్యబారిపోయేలా చేస్తుందని అప్పుడు నాకేం తెలుసు.

వారానికో మనిషి

ఖాదర్ అన్న పనిచేయించే పద్ధతి ఒకటుంది. నేను తర్వాత ఎంతోమంది డైరెక్టర్ల దగ్గర చేశాను గానీ అంత మంచి పద్ధతి ఎక్కడా చూడలేదు. అంత ప్రమాదకరమైనదీ చూడలేదు.

"రాసేది నేను. మనిషిని తెచ్చేది మీరు" అనేవాడు. సోమవారం పొద్దున అందరం ఆ గదిలో కూర్చోవాలి. ఒక్కొక్కరిని అడిగేవాడు: "ఈ వారం ఎవర్ని తెచ్చినావు?" మనం బస్టాండులోనో, సంతలోనో, ఆఫీసు వరండాలోనో చూసిన ఒక మనిషిని అక్కడ చేసి చూపించాలి. మొదట మాట లేకుండా, ఒట్టి నడక. నడక బాగుంటే మాట. అదీ బాగుంటే ఆయన పెన్ను తీసి కథ రాసేవాడు.

నేను చాలామందిని తెచ్చాను. మడకశిర నుంచి గొర్రెలు తోలుకొచ్చే ఒకాయన, సగం కన్నడం సగం తెలుగు కలిపి, డబ్బు మాట వచ్చి "దుడ్లు" అన్నప్పుడు మాత్రం గొంతు తగ్గించేవాడు. కణేకల్ బస్సు కండక్టరు ఒకాయన, చిల్లరతో మాట్లాడేవాడు. రూపాయి నాణేన్ని చేతిలో పెట్టుకుని "నువ్వు యాడికి పోతాండావు, ఆ సంచిలోకి పో" అని దాన్నే అదిలించేవాడు. ఆ కండక్టరు వేషం నేను మగ చొక్కా వేసుకుని చేశాను. టౌనంతా నవ్వింది.

ఒక నెల తర్వాత అదే బస్సు ఎక్కాను. నన్ను చూసి కండక్టరు గుర్తుపట్టాడు. తిడతాడనుకున్నాను. ఆయన మాత్రం బస్సంతా వినబడేట్టు, "ఈ యమ్మనే అప్పా నన్ను టీవీలో పెట్టింది!" అన్నాడు. నన్ను తన సీటులో కూర్చోబెట్టి, అనంతపురం వచ్చేదాకా తాను నిలబడ్డాడు.

ఆ రోజు నేను ఒక తప్పు పాఠం నేర్చుకున్నాను. ఎవరిని అనుకరిస్తే వాళ్ళు సంతోషిస్తారు అని. ఆయనకు సర్కారు ఉద్యోగం ఉంది, ఒంటి మీద ఖాకీ ఉంది. ఊరంతా నవ్వినా ఆయనకు పోయేదేమీ లేదు. ఆ తేడా నాకు తట్టలేదు. ఖాదర్ అన్నకూ తట్టలేదు. ఆడపిల్లల మీద ఒక్కనాడు గొంతు పెంచని మనిషి, పొద్దుపోతే తానే హాస్టల్ దాకా తోడు వచ్చిన మనిషి. కానీ నువ్వు తెచ్చిన ఆ మనిషి ఎవరు, వాళ్ళ బతుకేమిటి అని ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ చెప్పలేదు.

తిప్పక్క

ఒక సోమవారం నా చేతిలో ఎవరూ లేరు. ఎండలు మండిపోతున్నాయి, బస్టాండులో అందరూ ఒకేలా వాడిపోయి ఉన్నారు.

"పాతోళ్ళు ఎవరన్నా ఉంటారు చూడమ్మా. మీ ఊర్లో లేరా?" అన్నాడు ఖాదర్ అన్న.

కళ్ళు మూసుకున్నాను. హనుమక్కత్త కనబడింది.

హనుమక్క మా చేలో కూలికి వచ్చేది. చుట్టరికం లేదు గానీ, మా ఊళ్ళో పిలుపుకు అందరూ అత్తలే. చిన్నప్పుడు చేనికి సంగటి గంప మోసుకుపోవడం నా పని. ఆడవాళ్ళు వరసగా కూర్చుని కలుపు తీస్తూ ముందుకు జరుగుతుంటారు. నేను ఎప్పుడూ వెనక నుంచే వస్తాను. "అత్తా, సంగటి!" అని కేకేస్తే వరసలో మెడలన్నీ గిరుక్కున తిరుగుతాయి, ఒక్క హనుమక్కత్త మెడ తప్ప. ఆమె కొడవలి కింద పెట్టి, లేచి నిలబడి, ఇరుకు సందులో బండి తిప్పినట్టు కొంచెం కొంచెంగా కాళ్ళు జరుపుకుంటూ మొత్తం మనిషి తిరిగేది. తిరిగే ముందు ఒక మాట అనేది.

"పిల్చినోళ్ళే ముందరికి రావల్ల."

ఆడవాళ్ళు నవ్వేవారు. దొరసాని అని పేరు పెట్టారు. మా నాయన పిలిచినా అంతే, ఆమె మెడ తిరగదు. "పొగరుండాది గానీ పనిమంతురాలు" అనేవాడు నాయన. నాకు ఆ పొగరు ఎంత నచ్చేదో! చేను మాది, కూలి ఆమెది, అయినా మా కోసం మెడ తిప్పని మనిషి.

లేచి చేసి చూపించాను. వెనక నుంచి పిలవమన్నాను. మెడ బిగించి, కాళ్ళు జరిపి, తిరిగి, ఆ మాట అన్నాను. ఖాదర్ అన్న నవ్వలేదు. పెన్ను తీశాడు. ఆయన నవ్వకుండా పెన్ను తీస్తే అది ఆడుతుందని అర్థం.

తిప్పక్క అని పేరు పెట్టాం. నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెతో నిలబడుతుంది. ఆఫీసరు వచ్చి వెనక నుంచి "ఏయమ్మా" అంటాడు. తిరగదు. ఆయన చుట్టూ తిరిగి ముందుకు వస్తాడు. ఆ లోపల ఇంకొకడు వెనక నుంచి పిలుస్తాడు. ఆమె తిరగడం మొదలుపెడుతుంది, ఆఫీసరు మళ్ళీ వెనకైపోతాడు. అంతే కథ. చెరువులు ఎండి, వీధి కుళాయిలు ఆగిపోయిన ఆ కరువులో, ట్యాంకరు కోసం నిలబడిన జనమే ట్యాంకరు నాటిక చూసి కడుపు పట్టుకుని నవ్వారు. కొత్తచెరువులో ఒక బడిపంతులు నాతో వాపోయాడు, వెనక బెంచీ పిల్లలు పేరు పిలిస్తే "పిల్చినోళ్ళే ముందరికి రావల్ల" అంటున్నారని.

రెండువేల సంవత్సరం దాటాక హైదరాబాదు చానల్ ఒకటి తిప్పక్కను సీరియల్‌గా తీసుకుంది. అక్కడి డైరెక్టరు మొదటి రోజే, "ఈ యాస కామెడీకి పనికిరాదండీ, మీ సీమ యాస కత్తి పట్టుకునేవాళ్ళకి పెడతాం" అన్నాడు. నేను మొండికేశాను. మా అమ్మ సంగటి కలుపుతూ మాట్లాడిన భాష అది, కత్తితో దానికేం పని అని అడిగాను. యాస మార్చకుండానే చేశాను. ఆ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ గర్వమే.

మెడ విషయంలో మాత్రం వాళ్ళు చెప్పినట్టల్లా విన్నాను. ఇంకా బిగించండి, ఇంకా నెమ్మదిగా తిరగండి అన్నారు. ఎడిటింగ్‌లో, నేను తిరిగినప్పుడల్లా ఎండిన బండిచక్రం చప్పుడు కలిపారు. కిర్రు. మొదటిసారి విన్నప్పుడు నేనే చప్పట్లు కొట్టాను.

నాయన నవ్విన రోజు

రెండు రోజులు సెలవు దొరికితే ఊరికి వెళ్ళాను. అప్పటికి మా ఇంటికి కూడా కేబుల్ వచ్చింది. నేను ఇంట్లో ఉంటే నాయన నాకు ఎదురుగా కూర్చుని తినేవాడు, అది ఆయన ప్రేమ. ముద్ద విరుస్తూ, నవ్వు ముఖంతో మొదలుపెట్టాడు.

"నీ పుణ్యాన ఒక సంగతి బయటపడింది పాపా."

"ఏంది నాయనా?"

"మన హనుమక్క మెడ నిజంగానే తిరగదంట!"

నాకు అర్థం కాలేదు. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

"నీ నాటకం చూసి, పిల్లోళ్ళు పొద్దస్తమానం ఆ యమ్మ ఎనకనే. తిప్పక్కా, తిప్పక్కా అని పిల్చేది, పారిపొయ్యేది. ఒక్క తూరన్నా మెడ తిప్పి తిట్టల్ల గదా? తిప్పల్యా. ఆడోళ్ళకు అనుమానమొచ్చింది. చేన్లో అందరూ చుట్టూ నిలబడి, ఒక్క తూరి తిప్పు హనుమక్కా చూద్దాము అన్న్యారు. తిప్పలేకపోయింది! ఇన్నేండ్లు మనం పొగరనుకుంటిమి. రోగమంట!"

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చెవుల్లో ఆ బండిచక్రం కిర్రుమంది.

"ఇప్పుడు పనికి వస్తాందా?" అని అడిగాను.

"యాడ పిలుస్తారు పాపా? వాన లేదు, పైరు లేదు. ఉండేదే నాలుగు దినాల పని. దానికి ఒళ్ళు బాగుండేవాళ్ళనే పిలుస్తాండారు అందరూ."

"నువ్వు?"

"నేనూ అంతే. ఊరికి లేనిది నాకెందుకు?"

నాయన చెడ్డవాడు కాదు. అందుకే నాకు మరీ దిమ్మ తిరిగింది. చెడ్డవాడు ఆ మాట అంటే కోపం వచ్చి ఊరుకునేదాన్ని. నన్ను నవ్వుతూ చదివించిన మనిషి, కొంచెం కూడా తొట్రుపడకుండా, వాన సంగతి చెప్పినట్టు చెప్పాడు. పైగా నా పుణ్యాన అన్నాడు. ఆ పుణ్యం ఇవాళ్టికీ నా నెత్తి మీదే ఉంది.

వీపుతో మాట్లాడాను

తిండి వదిలేసి వాళ్ళ వీధికి నడిచాను. మా ఇంటికి పాత బావి ఉండేది. వాళ్ళ వీధికి చేతిపంపు బోరు. ఆ తేడాను కూడా నేను ఆ రోజే మొదటిసారి గమనించాను.

హనుమక్కత్త గుడిసె ముందు, వీధికి వీపు పెట్టి, గోడకు ఎదురుగా కూర్చుని చేటలో జొన్నలు ఏరుతోంది. వీధి వైపు తిరిగి కూర్చుంటే పిల్లల్ని చూడాలి. అందుకే గోడ.

"అత్తా" అన్నాను.

"ఎవరు?"

"సరోజను."

చేట ఆగింది. "టీవీ పాపవా" అంది.

మూడడుగులు వేస్తే ఆమె ముందుకు పోవచ్చు. నా కాళ్ళు రాలేదు. సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఆమె వీపు వెనకే మట్టిలో కూలబడ్డాను.

"నాకు తెల్దత్తా. నీకు నొప్పి అని తెల్దు. నువ్వు పొగరుగా ఉంటావనే అనుకున్న్యా."

"అట్ల అనుకోవల్లనే గదా నేను చేసింది."

ఏమి వింటున్నానో నాకు ఎక్కలేదు. ఆమె గోడకే చెప్పుకుపోయింది, మెల్లగా, జొన్నలు ఏరుతూనే.

"నీకు బుద్ధి తెలీకముందు నుంచే ఈ మెడ పట్టుకుపోయిండాది. బోరు నీళ్ళల్లో ఫ్లోరైడంట, ఎముకల్లో దిగిందంట, పెద్దాసుపత్రిలో చెప్పినారు. నొప్పి అంటే మేస్త్రి పిలుస్తాడా? మీ నాయన పిలుస్తాడా? రోగమున్నదానికి కూలి యాడిది? పొగరు అంటే పిలుస్తారు. తిట్టుకుంటానే పిలుస్తారు. దానికే ఆ మాట నేర్చుకుంటి. నగుతాండ్రి. నగనీలే అనుకుంటి. నగేవాళ్ళు మెడ చూడరు గదా."

చేటలో ఒక రాయి ఏరి పారేసింది.

"నువ్వు చూపిస్తివి" అంది.

కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్ని. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు అంది. నేను అక్కడే ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఏమైనా ఇస్తానన్నాను, పెద్దాసుపత్రికి తీసుకుపోతానన్నాను.

"దుడ్లు నాకొద్దు పాపా. ఆసుపత్రి చూసినా. నాకు పని కావల్ల. మీ నాయన్ను పిల్చమను" అంది.

లేచి వచ్చేశాను. ముఖం చూడకుండానే వచ్చేశాను. దారంతా ఒకటే ఆలోచన. నేను మొదటి హాస్యనటినని అందరూ అంటున్నారు. నాకు లైట్లు ఉన్నాయి, తప్పు చేస్తే ఇంకో టేకు ఉంది. ఈమె ఇరవై ఏళ్ళు ఒక్క టేకులో, ఎండలో, నొప్పితో, తనకు కూడు పెట్టే మనుషుల ముందే ఆడింది. ఎవరూ పట్టుకోలేకపోయారు. నేను పట్టించాను.

మెడ తీసేస్తే తిప్పక్క ఎవరు

హైదరాబాదు పోయి డైరెక్టరుకు చెప్పాను. తిప్పక్కను ఉంచండి, నోరు ఉంచండి, నీళ్ళ కోసం కొట్లాట ఉంచండి, మెడ ఒక్కటీ తీసేయండి అన్నాను.

"మెడ తీసేస్తే తిప్పక్క ఎవరండీ?" అన్నాడు.

అప్పుడు మొత్తం చెప్పాను. మెడ సంగతి, పిల్లల సంగతి, కూలి పోయిన సంగతి. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని విన్నాడు. కళ్ళు కూడా తడి అయ్యాయి. హమ్మయ్య అనుకున్నాను.

"ఇది ఎంత బాగుందండీ!" అన్నాడు. "చివరి ఎపిసోడ్‌కి పెడదాం. ఆమెనే తీసుకొచ్చి నిలబెడదాం. జనం ఏడ్చి చస్తారు."

నేను ఈ పనిలో పాతికేళ్ళకు పైగా ఉన్నాను. బూతులు విన్నాను, నా శరీరం గురించి నా ముందే జోకులు విన్నాను. ఆ మాట విన్నప్పుడు అదిరినంతగా ఎప్పుడూ అదరలేదు. ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు, అదీ భయం. నా చీర, నా బిందె అక్కడే వదిలేసి వచ్చేశాను.

మూడు వారాల్లో ఇంకో అమ్మాయి అదే చీరలో, అదే బిందెతో వచ్చింది. మెడ నాకంటే బాగా బిగించింది. జనం నవ్వారు. సరోజ ఏమైందని ఒక్కరు అడగలేదు. నిజం చెప్తున్నాను, అది కూడా నన్ను కోసింది. నేను దేవతనేమీ కాను. ఆ అమ్మాయి దగ్గరికి పోయి చెప్పి ఉండాల్సింది. ఉక్రోషంతో పోలేదు. అందువల్ల ఆ మెడ ఇంకా ఆడుతూనే వచ్చింది, మొన్న సన్మానం దాకా.

మళ్ళీ కొన్నాళ్ళకు వేరే చానల్లో చేరాను. గయ్యాళి అత్తలు, నోరుగల ఆఫీసు ఆయాలు, ఎన్నో వేశాను. మనుషుల్ని తెచ్చే పద్ధతి మానలేదు, ఇప్పుడు మీకూ అదే చెప్తాను. బస్టాండుకు పోండి, సంతకు పోండి, మనిషిని తెచ్చుకోండి. కానీ వెనక నుంచి చూసి తేవద్దు. పోయి ఎదురుగా కూర్చోండి, వాళ్ళతో మాట్లాడండి, వాళ్ళు ఏ పూట ఏం తింటున్నారో తెలుసుకోండి. మనం నవ్వించాక వాళ్ళ నోటి దగ్గరి కూడు పోతుందా అని మిమ్మల్ని మీరే అడగండి. పోతుందంటే అది ఎంత బాగా ఆడినా వదిలేయండి. ఎదురుగా కూర్చోవడం నేను ఎలా నేర్చుకున్నానో అదొక్కటి చెప్పి ఆపుతాను.

కాయలు తెంపే చోట

పని వదిలేసి ఊరికి వచ్చిన ఆ పంటకాలంలో, ఎట్టకేలకు కాసిన్ని వానలు పడి వేరుశనగ కొంచెం దక్కింది. పీకిన చెట్లు కళ్ళంలో కుప్ప పోశారు. ఆడవాళ్ళు కుప్ప చుట్టూ కూర్చుని కాయలు తెంపాలి. కూర్చుని చేసే పని. చేతులు బాగుంటే చాలు, మెడతో అవసరమే లేదు.

"హనుమక్కత్తను పిలువు నాయనా" అన్నాను.

"ఊరంతా చూసినాక ఎట్ల పిలుస్తా పాపా? తక్కినోళ్ళు అడగరా?"

"అయితే ఆ యమ్మ చోట్లో నేను కూర్చుంటా."

"కూర్చో. ఒక పూటకే తెలుస్తాది" అన్నాడు.

కూర్చున్నాను. ఒక్క పూటకు వేళ్ళు పగిలి రక్తం వచ్చింది. లేవలేదు. భూమి గల ఇంటి ఆడపిల్ల, టీవీలో కనబడే మనిషి, కూలి ఆడవాళ్ళ మధ్య కాయలు తెంపుతోందని ఊళ్ళో పనిలేనివాళ్ళందరూ కళ్ళం గట్టు మీదికి చేరారు. నాయన వాళ్ళను తరమలేక, నన్ను లేపలేక సతమతమయ్యాడు. మరుసటి పొద్దున ఎవరికీ చెప్పకుండా తానే హనుమక్కత్తకు కబురు పంపాడు.

ఆమె వచ్చింది. నాతో మాట్లాడలేదు. కుప్పకు అవతలి వైపు, సరిగ్గా నాకు ఎదురుగా కూర్చుని పనిలో పడింది. నేను రెండు కాయలు తెంపేలోగా ఆమె గుప్పెడు తెంపింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె వీపు నాకు తెలుసు, నడక తెలుసు, గొంతు తెలుసు. ముఖాన్ని అంతసేపు చూడటం అదే మొదటిసారి.

మధ్యాహ్నం దాటాక నాయన కళ్ళంలోకి వచ్చాడు. ఆమె వెనక నుంచి, అలవాటు కొద్దీ, "హనుమక్కా!" అని పిలిచాడు.

నేను చూస్తున్నాను. మొదట ఆమె కళ్ళు మూసుకుంది. పళ్ళతో కింది పెదవి నొక్కి పట్టింది. నుదుటి మీద నరం ఉబ్బింది. కడుపులో నొప్పి వచ్చినవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో అలా అయింది. అదంతా ఒక్క క్షణం. తర్వాత ఊపిరి పీల్చుకుని, గడ్డం ఎత్తి, కనుబొమలు ఎగరేసి, ఆ పొగరును ముఖానికి తొడుక్కుంది. చేలో అంతమంది నవ్విన ఆ పొగరును. అది పూర్తిగా సర్దుకున్నాక చేతిలోని వేరుశనగ చెట్టును పక్కన పెట్టి, లేవడానికి అరచెయ్యి నేలకు ఆనించింది.

"నాయనా" అన్నాను. "పిల్చినోళ్ళే ముందరికి రావల్ల."

కళ్ళం గట్టు మీద జనం పకపకా నవ్వారు. నాయన కూడా నవ్వాడు, నేను తిప్పక్కను ఆడుతున్నాననుకుని. నేను నవ్వలేదు. ఆయన నా ముఖం చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన నవ్వు ఆగిపోయింది. గట్టు మీద వాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

నాయన భుజం మీది తువ్వాలు సర్దుకుని, కుప్ప చుట్టూ నడిచి, వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"రేపు కూడా పని ఉండాది హనుమక్కా, పెందళాడే రా" అన్నాడు.

"వస్తా సామీ" అంది ఆమె.

నేలకు ఆనించిన చేతిని వెనక్కి తీసుకుంది. ఆ రోజు ఆమె కాళ్ళు తిప్పాల్సిన పని లేకపోయింది.